తపస్సు కాలానికి ఏ సినిమా మేలు?

గుణదల మాత తిరునాళ్లు ఫిబ్రవరి 11న ముగుస్తాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలానికి తొలిరోజైన విభూతి బుధవారం కొన్నేళ్లు దానికి కాస్త ముందు, ఎక్కువ ఏళ్లు ఆ తరువాత నెలరోజుల లోపు వస్తుంది. ఆ రోజుల్లో విజయవాడ విచారణల (చర్చి పరిధుల) యువత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘కరుణామయుడు’ అందరూ చూసినదే కనుక, తపస్సు కాలంలో కలిసి చూడదగిన కతోలిక సినిమా మరొకటి ఏది? చర్చ చివరికి మూడింటి దగ్గర ఆగుతుంది: ‘ది సాంగ్ ఆఫ్ బెర్నడెట్’ (1943), ‘ఐ కన్ఫెస్’ (1953), ‘సైలెన్స్’ (2016). నటనలో మూడూ మూడే. కంటికి కనిపించని దానిని దర్శకుడు తెరమీద ఏం చేశాడన్నదే నా దృష్టిలో అసలు గీటురాయి.

లూర్దు మాత పేరిట వెలసిన గుణదలకు దగ్గరివారికి, ఫ్రాన్స్‌లోని లూర్దు గుహలో మరియ మాత తనకు కనిపించిందని చెప్పిన బాలిక బెర్నడెట్ కథ సహజంగానే ప్రీతికరం. నాజీల నుండి పారిపోతూ లూర్దులో తలదాచుకున్న యూదు రచయిత ఫ్రాంజ్ వెర్ఫెల్ మొక్కు తీర్చుకోవడానికి రాసిన నవల దీనికి మూలం. (ఆ నేపథ్యాన్నే ఎవరైనా సినిమాగా తీయవలసింది.) జెన్నిఫర్ జోన్స్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు. అయితే దర్శకుడు హెన్రీ కింగ్ గుహలోని మాతను వెలుగుల మధ్య మనకూ చూపించేశాడు. దానితో 1858లో ఆ పిల్లను అనుమానించిన అధికారులు మనకు వట్టి మొండివాళ్లుగానే మిగులుతారు. గుణదల కొండెక్కి తలనీలాలు సమర్పించేవారికి కనిపించేది మాత స్వరూపం మాత్రమే. విశ్వాసమంతా వారే సమకూర్చుకోవాలి.

హిచ్‌కాక్ తీసిన ‘ఐ కన్ఫెస్’లో అద్భుతాలేవీ జరగవు. క్యుబెక్ నగరంలో హత్య చేసిన ఒక పనివాడు ఫాదర్ లోగన్ అనే గురువు (కతోలిక పూజారి) వద్ద పాపసంకీర్తనం చేస్తాడు, అంటే తన పాపాన్ని ఒప్పుకుంటాడు. అనుమానం గురువు మీదికే వస్తుంది. ఒక్క మాట చెబితే బయటపడే అవకాశం ఉన్నా, పాపసంకీర్తన రహస్యం ఏ పరిస్థితిలోనూ బయటపెట్టరానిది కనుక ఆయన నోరు విప్పడు. లోగన్ వీధుల్లో తిరుగుతుండగా ఒక దృశ్యంలో సిలువ మోస్తున్న క్రీస్తు శిల్పం తెరను ఆక్రమిస్తుంది, దాని కింద దూరంగా ఆయన చీమంత కనిపిస్తాడు. మాంట్‌గొమరీ క్లిఫ్ట్ కళ్లతోనే నడిపించిన ఈ పాత్రలో పాపసంకీర్తనమనే దివ్యసంస్కారం మీది విశ్వాసం మనిషి చేత ఎంత మూల్యం చెల్లింపజేస్తుందో స్పష్టంగా తెలుస్తుంది. కతోలికులు కానివారికి ఈ కథాంశం మింగుడుపడలేదని హిచ్‌కాక్ తరువాత ఒప్పుకున్నాడు. మన విచారణలలో ఆ చిక్కు లేదు.

స్కోర్సేసీ ‘సైలెన్స్’ లోతైనదే. జపాన్‌లో క్రైస్తవులపై హింసల కాలంలో, విశ్వాసాన్ని వదులుకోమని ఒత్తిడికి గురైన ఒక విదేశీ గురువు కథ ఇది. అందులో పదేపదే విశ్వాసాన్ని వదులుకుని, పదేపదే పాపసంకీర్తనానికి వచ్చే కిచిజిరో పాత్రను మరచిపోవడం కష్టం. కానీ అంతసేపు దేవుని మౌనాన్ని భరింపజేసి, కీలక ఘట్టంలో క్రీస్తు స్వరాన్ని వినిపించడం వల్ల గురువు పడే సందిగ్ధం కొంత పలచబడిందని నా అభిప్రాయం.

‘ది మిషన్’ సంగీతం కోసం చూడవచ్చు. ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ పిల్లలకు తగదు.

శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన తరువాత మొదలుపెట్టినా ‘ఐ కన్ఫెస్’ గంటన్నర దాటిన కాసేపటికే ముగుస్తుంది. రెండున్నర గంటలు మించిన ‘సైలెన్స్’‌ను, చిత్రహింసల దృశ్యాలున్నందున, పెద్దల కోసం వేరొక రోజుకు ఉంచడం మంచిది.