వంకాయ రంగు అంచు: ఆరేళ్లు వాడిన 50 ఎంఎం లెన్స్ మీద నా మాట

ఈ లెన్స్ నా దగ్గరకు వచ్చి ఆరేళ్లు దాటింది. 50 ఎంఎం, ఎఫ్/1.8. ఈ 1.8 అనేది కాంతి లోపలికొచ్చే రంధ్రం (అపర్చర్) లెక్క: అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, అంకె పెరిగితే రంధ్రం చిన్నది. ఎనిమిది వేల లోపే పడింది. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో దొరికే 50లు ఎవరు చేసినా లోపల డిజైన్ కాస్త అటూ ఇటూగా ఒకటే, జబ్బూ ఒకటే. పెళ్లిళ్లకు రెండో ఫొటోగ్రాఫర్‌గా వెళ్తుంటాను, ఖాళీ రోజుల్లో రాజమండ్రి గోదావరి గట్టు మీద తిరుగుతుంటాను. రెండు చోట్లా నన్ను ఏడిపించింది మాత్రం ఒక్కటే: వెలుగూ నలుపూ కలిసే చోట సన్నగా పాకే ఊదా గీత.

మొదటిసారి అది కనిపించింది పాత హేవలాక్ వంతెన ఫొటోలో. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన అది. ముందు ఇనుప గర్డర్లు, వెనక మే నెల మిట్టమధ్యాహ్నపు ఆకాశం. డబ్బులు పెట్టి 1.8 కొన్నాక 8లో ఎవడు తీస్తాడని పూర్తిగా తెరిచే తీశాను. షట్టర్ వేగం 1/4000 సెకను దగ్గర ఆగిపోయింది, అంతకంటే తగ్గదు; కాంతి ఎక్కువై ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కెమెరా స్క్రీన్ మీద ఫొటో బ్రహ్మాండంగానే ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో వంద శాతానికి పెంచితే, ప్రతి కమ్మీ పక్కనా ఎవరో స్కెచ్ పెన్నుతో గీత గీసినట్టుంది. పాడైన పీసు అంటగట్టారేమోనని ఒకటే టెన్షన్.

షాపులో అడిగితే "యూవీ ఫిల్టర్ పెట్టుకోండి సార్, పోతుంది" అన్నాడు. పెట్టాను. గీత ఎక్కడికీ పోలేదు. పైగా రాత్రిపూట మండపం తీస్తే సీరియల్ లైట్ల ప్రతిబింబాలు ఫ్రేములో పచ్చ చుక్కల్లా తేలడం మొదలైంది. కెమెరాలో ఫొటోను పట్టే సెన్సర్ ముందుండే గాజే యూవీని, అంటే అతినీలలోహిత కాంతిని, చాలావరకు ఆపేస్తుందని ఆ తర్వాత తెలిసింది. ఇప్పుడా ఫిల్టర్ సొరుగులో ఉంది.

అసలు సంగతి నాకు అర్థమైంది గోడ క్యాలెండర్‌తో. పెద్ద పెద్ద నల్ల అంకెలున్న కాగితాన్ని నేల మీద పరిచి, ఏటవాలుగా వంగి, మధ్య వరసలో 15 మీద ఫోకస్ పెట్టి 1.8లో తీశాను. 15 కత్తిలా వచ్చింది. నాకు దగ్గరగా ఉన్న అంకెల చుట్టూ గులాబీ రంగు, దూరంగా ఉన్న అంకెల చుట్టూ ఆకుపచ్చ. డిగ్రీ ఫిజిక్స్‌లో వర్ణ విపథనం అని బట్టీ పట్టి, పరీక్ష రాసి, మర్చిపోయింది ఇదే. గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది కాబట్టి అన్ని రంగులూ ఒకే దూరంలో ఫోకస్ కావు. ఆకుపచ్చ సరిగ్గా కుదిరిన చోట ఊదా కాస్త చెదిరి ఉంటుంది. చెదిరిన ఆ కాంతే తెల్లటి ఆకాశం అంచు దాటి నల్లటి ఇనుము మీదకు పారుతుంది.

ఇది కొత్త తలనొప్పేం కాదు. గాజుతో ఈ రంగులు పోవని న్యూటన్ 1668లో ఏకంగా అద్దంతో టెలిస్కోపు చేసుకున్నాడు. రెండు రకాల గాజు జతచేసి రంగుల్ని దగ్గరకు తెచ్చే పద్ధతికి ఇంగ్లండ్‌లో లెన్సులు చేసే జాన్ డాలండ్ 1758లో పేటెంట్ తీసుకున్నాడు. నా ఎనిమిది వేల లెన్సూ ఆ దారిలోదే. రంగుల్ని ఇంకా తక్కువగా చెదరగొట్టే ఫ్లోరైటూ (పెద్ద లెన్సుల్లో వాడతారు), ఖరీదైన ఈడీ గాజూ ఇందులో లేవు. ఈ రేటుకు అవి ఆశించడం నాదే తప్పు.

ఆరేళ్లలో లెక్క తేలిందిలా. 1.8లో ఎండలో ఏం తీసినా గీత ఖాయం. 2.8కి వస్తే సగానికి పైగా తగ్గుతుంది. 4 దగ్గర వెతికితేగానీ దొరకదు. ఆకాశం వెనకుంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి, రా ఫైల్లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) నీడల్ని తర్వాత వెలిగిస్తాను. తెలుపు పేలిపోకపోతే గీతకు సగం బలం పోతుంది. మండపంలో మాత్రం ఇది చెప్పినంత తేలిక కాదు. జీలకర్ర బెల్లం వేళకు వీడియో వాళ్ల లైటు తిన్నగా బాసికం మీద, వడ్డాణం మీద పడుతుంది. రాళ్లు మెరిసిన ప్రతి చోటా ఊదా చుక్కలే. అక్కడ 2.8లో పెట్టి, తగ్గిన వెలుగుకు బదులు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచుకుంటాను. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తే ఎవరూ అడగరు, నగల రంగు మారితే అడుగుతారు.

ఇక అందరూ చెప్పే మందు, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో డీఫ్రింజ్, అంటే రంగు అంచుల్ని చెరిపే పనిముట్టు. ఫొటో మూలల్లో వచ్చే ఎరుపు, నీలం అంచులు వేరే రకం; వాటికి ఒక్క టిక్కు చాలు, బాగా పోతాయి. ఎంత అపర్చర్ తగ్గించినా అవి తగ్గవు కాబట్టి ఆ టిక్కు నేనెప్పుడూ పెట్టే ఉంచుతాను. ఊదా స్లైడరు దగ్గరే నా పరువు పోయింది. ఒక పెళ్లిలో వధువు వంకాయ రంగు పట్టుచీర కట్టుకుంది, సన్నటి జరీ అంచు. నగల చుక్కలు పోగొట్టాలని ఒక ఫొటోలో స్లైడరు బాగా లాగి, అదే మార్పు నాలుగు వందల ఫొటోలకూ ఒకేసారి పడేలా సింక్ కొట్టి, ఆల్బమ్‌కి పంపేశాను. ఆల్బమ్ తెరిచిన వధువు మేనత్తగారు మూడో పేజీలోనే ఆగారు. "ఏం బాబూ, జరీ పక్కన ఈ బూడిద రంగేంటి? కొత్త చీరమ్మా ఇది, వెలిసిపోయినట్టు తీశావే" అన్నారు. చూస్తే నిజమే. జరీ పట్టును తాకిన ప్రతి చోటా వంకాయ రంగు పోయి బూడిద చార మిగిలింది. అది చీర రంగో, లెన్స్ తప్పో సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు పాపం! పదకొండు పేజీలు నా ఖర్చుతో మళ్లీ ప్రింటు వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి ఆ స్లైడరు బ్రష్‌తో నగల మీదే, ఒక్కో ఫొటోకి విడిగా.

ఇంత తిట్టినా దీన్ని అమ్మలేదు. మొహాలు తీస్తే చర్మం ఇంత మెత్తగా రావడం నా ఖరీదైన జూమ్‌లో కూడా చూడలేదు. కడియం నర్సరీల్లో సాయంత్రం పూట పూలు తీయడానికి ఇప్పటికీ ఇదే పట్టుకెళ్తాను. తెల్లటి నందివర్ధనాలు మాత్రం నీడలో ఉన్నప్పుడే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు షాపులోనే ఒక పని చేయండి. తెల్లటి ట్యూబ్‌లైటు ముందు కిటికీ ఊచలు వచ్చేలా ఫ్రేమ్ పెట్టి, 5.6లో తీసి నాలుగు మూలలూ పెంచి చూడండి. రంగు అంచులు నాలుగు వైపులా సమానంగా ఉంటే అది గాజు స్వభావం. ఒక పక్కే ఎక్కువగా ఉంటే లోపల ఏదో గాజు ముక్క పక్కకు జరిగింది, బహుశా ఎవరో కింద పడేశారు. అప్పుడు బేరమాడకండి, లెన్స్ అక్కడే వదిలేసి రండి.