నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత కారు కొనేవారికి హెచ్చరిక: బయానా ఇచ్చే ముందు కార్పెట్ ఎత్తి చూడండి

పదేళ్లు దాటిన కారు కొనాలనుకుంటున్నవారికి, ముఖ్యంగా నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బండి కోసం తిరుగుతున్నవారికి ఈ విషయం చెప్పాలని రాస్తున్నాను. వరదలో మునిగిన కార్లను కడిగి, రంగు వేయించి, మీటర్ వెనక్కి తిప్పి, ఇంట్లో వాడుకున్న మంచి బండ్లని చెప్పి అమ్మేవాళ్లు మన దగ్గర ఉన్నారు. అలాంటి కారే మా ఇంటికి వచ్చింది.

మా తమ్ముడు తీసుకున్నది 2013లో రిజిస్టరైన డీజిల్ హ్యాచ్‌బ్యాక్. నాన్నగారిని తరచుగా హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సి వస్తుండటంతో, ప్రతిసారీ కిరాయి కారు మాట్లాడుకోవడం భారమై, నల్లగొండలో పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాడు. బండికి రంగు మెరుస్తోంది, సీట్లకు కొత్త కవర్లు, కాళ్ల కింద కొత్త మ్యాట్లు, మీటర్‌లో అరవై రెండు వేల కిలోమీటర్లు ఉన్నాయి. ఒక డాక్టరు గారు ఆదివారాలు తప్ప బయటకు తీయని బండి అని అమ్మినాయన మాటిచ్చారు. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత పవర్ విండోలు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి ఆరకుండా ఉండిపోయింది, చివరికి విజయవాడ హైవే మీద చిట్యాల దాటాక నాన్నగారు బండిలో ఉండగానే ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాలేదు. వెనుక నుంచి లారీలు ఆగకుండా వచ్చే ఆ రోడ్డు మీద అలా నిలబడిపోవడం ఎంత ప్రమాదమో ఈ దారిలో తిరిగేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మాకు ఎప్పటి నుంచో తెలిసిన మెకానిక్ డ్రైవర్ సీటు విప్పి కార్పెట్ ఎత్తగానే అసలు సంగతి బయటపడింది. కార్పెట్ అడుగున ఉండే దళసరి నార పొరలో మట్టి ఎండిపోయి గట్టిపడి ఉంది. వేలితో గీకితే మెత్తటి ఒండ్రు పొడిలా రాలింది. సీటు జరిగే పట్టాలు పైన తుడిచి ఉన్నాయి కానీ, వాటి బోల్టుల తలలు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. డాష్‌బోర్డు కింద వైరింగ్ కనెక్టర్లు విప్పితే లోపలి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. వెనుక సీటు బెల్టును ఆగిపోయేదాకా బయటకు లాగి చూశాం. రోజువారీ వాడకంలో ఎప్పుడూ చుట్టలోంచి బయటకు రాని ఆ చివరి జానెడు భాగంలో బురద నీటి మరక అడ్డంగా గీత గీసినట్లు కనిపించింది. సీటు కవర్లు మార్చినవారు, డోర్లకు పాలిష్ పట్టించినవారు అక్కడిదాకా చేయి పెట్టలేదు.

తర్వాత ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత రికార్డు అడిగాం. 2020 వేసవిలో జరిగిన సర్వీసు నాటికే ఆ బండి లక్షా పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగినట్లు నమోదై ఉంది. ఆ తర్వాత ఒక్క సర్వీసు కూడా లేదు. మొదటి ఓనరు చిరునామా హైదరాబాద్‌లోది. ఆ ఏడాది అక్టోబరులో హైదరాబాద్ కాలనీలను ముంచిన వరదలో పార్కింగుల్లోని కార్లు ఎన్ని మునిగాయో మనందరం టీవీల్లో చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, కోదాడ ప్రాంతాలు కూడా అలాగే మునిగాయి కాబట్టి, ఈ బెడద ఇప్పట్లో పోయేది కాదు.

ఈ కార్లు బజారుకు ఎలా వస్తాయో కూడా తెలిసి ఉండాలి. బాగుచేయడానికి అయ్యే ఖర్చు, పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి ఓనరుకు డబ్బు చెల్లిస్తుంది. మిగిలిన బండి తుక్కు ధరకు చేతులు మారుతుంది. అలా తక్కువకు కొన్నవారిలో కొందరు విడిభాగాలుగా అమ్ముకుంటారు, కొందరు ఆరబెట్టి, కడిగి, నడిపించి పూర్తి ధరకు అమ్ముతారు. నీళ్లు తగిలిన ఎలక్ట్రికల్ భాగాలు వెంటనే చెడిపోవు. కనెక్టర్లలో చిలుము నెమ్మదిగా పెరిగి, కొనుక్కున్నవారి చేతికి వచ్చాక నెలల తరబడి ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. ఇంజిన్ సిలిండర్లలోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొట్టి ఉంటే లోపల పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, దాన్ని పైపైన చూసి ఎవరూ పట్టలేరు.

కాబట్టి బండి చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తే ముందే మ్యాట్లు తీసి, డోర్ దగ్గర కార్పెట్ అంచు పైకి లేపి చూడండి. నాలుగు సీటు బెల్టులనూ చివరిదాకా లాగండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో ఒండ్రు ఉందేమో వెతకండి, హెడ్‌లైట్ల లోపల నీటి గీతలు కనిపిస్తున్నాయేమో చూడండి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. ఆ ఫీచర్లు ఉన్న కారులో ఆ లైట్లు అసలు వెలగకపోతే, లోపం కనపడకుండా వాటిని తీసేసి ఉంటారని అనుమానించాలి. సీటు విప్పనివ్వం, కార్పెట్ లేపనివ్వం అనే అమ్మకందారు దగ్గర ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.

నీళ్ల సంగతే ఇంకొకటి ఉంది, ఇది మన నేలకు సంబంధించింది. మన దగ్గర బోరు నీటిలో లవణాలు ఎక్కువ. బిందెల అడుగున పట్టే తెల్లటి చార ఎలాంటిదో, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బదులు బోరు నీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పేరుకుపోతుంది. ఎండ నలభై డిగ్రీలు దాటే మే నెలలో ఏసీ వేసుకుని పోతుంటే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు మాత్రమే (వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి) రేడియేటర్ మూత తీసి చూడండి. లోపల రంగు కూలెంట్ ఉండాలి. తుప్పు రంగు నీళ్లో, అంచుల్లో తెల్లటి గారో కనిపిస్తే ఆ బండిని నీళ్ల మీద నడిపారని అర్థం. ఇంజిన్ ఆయిల్ మూత లోపలివైపు కలిపిన మజ్జిగలా తెల్లటి నురగ ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తున్నదేమో మెకానిక్ చేత తేల్చుకోకుండా ముందుకు పోవద్దు.

బండి చూడటానికి పొద్దున్నే, వీలైతే చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చేయి పెట్టినప్పుడు వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. పాత ఇంజిన్ గుట్టు చల్లగా ఉన్నప్పుడు కొట్టే మొదటి సెల్ఫ్‌లోనే తెలుస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లలోకి పోతుండవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తే పొగ బుసబుసా తన్నుకొస్తున్న పక్షంలో పిస్టన్ రింగులు అరిగిపోయాయి. ఏసీ వేసి కొంతసేపు నిలబెట్టి ఉంచి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో, టెంపరేచర్ ముల్లు మధ్యలో నిలబడుతోందో లేదో చూడండి. తర్వాత హైవే మీద కొంత దూరం, స్పీడ్ బ్రేకర్లున్న ఊరి రోడ్డు మీద కొంత దూరం మీరే నడపండి. నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయినట్లే.

మీటర్‌ను నమ్మకండి, దాన్ని మార్చడం చిన్న పని. స్టీరింగ్ మీద అరుగుదల, బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు చూడండి. వాటికంటే ముందు కంపెనీ సర్వీస్ రికార్డు అడగండి. టైర్ల వయసు కూడా చూడండి: టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి.

కాగితాల విషయంలో ప్రభుత్వ రవాణా శాఖ సైట్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్స్ తీరిందా, బీమా ఎప్పటిదాకా ఉంది అన్నవి చూసుకోండి. చలాన్లు విడిగా చూడాలి. ఆర్సీలోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అంకె అంకె సరిపోల్చండి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత ఆర్టీఏ పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్‌లో కార్ల రెన్యువల్ రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు, హరిత పన్ను అదనం. 2011, 2012 మోడళ్లు బేరమాడేటప్పుడు ఈ ఖర్చు కలుపుకోవాలి. ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బండ్లు చవకగా దొరుకుతున్నాయని ఎవరైనా అంటే, అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క తేలేదాకా ఒప్పుకోవద్దు. సంతకాలు పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు (ఓనరు పేరు మార్పుకు ఆర్టీఏకు ఇచ్చేవి) చేతిలో పెట్టి పేరు మార్పు తర్వాత చూసుకోవచ్చు అనేవారిని అసలు నమ్మకండి.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు ఊరుకోవాల్సిన పని లేదు. వ్యాపారిగా పాత కార్లు అమ్మేవారి మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు; చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదు రుసుము ఉండదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. విడిగా ఒక వ్యక్తి తన సొంత కారు అమ్మితే ఈ దారి పనికిరాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. మేము ఫిర్యాదుకు సిద్ధమవుతున్నప్పుడు తెలిసింది ఏమిటంటే, నోటితో ఇచ్చిన హామీకంటే రసీదు మీద రాసిన ఒక్క వాక్యం ఎక్కువ పనికొస్తుంది. ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు, చెల్లింపు వివరాలు చెరపకుండా దాచుకోండి. బయానా ఇచ్చేటప్పుడే రసీదు మీద ఇలా రాయించుకుని అమ్మకందారు చేత సంతకం పెట్టించండి: ‘ఈ బండి వరదలో మునగలేదు, పూర్తి నష్టంగా బీమా క్లెయిమ్ కాలేదు, మీటర్ మార్చలేదు, వీటిలో ఏది అబద్ధమని తేలినా పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాను.’