షిప్ ట్రాకింగ్ యాప్: ఏ వివరాన్ని ఎంత నమ్మొచ్చు

మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడకు ఎగుమతి బియ్యం పంపే పని నాది. మా సరుకు ఎక్కాల్సిన ఓడ ఎక్కడుందో చూసుకోవడానికి ఓ ఉచిత షిప్ ట్రాకింగ్ యాప్‌ను ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నా. యాప్ పనికొస్తుంది. అయితే అందులో కనిపించే వివరాలన్నీ ఒకే పాటి నమ్మదగినవి కావు, ఆ తేడా యాప్ ఎక్కడా చెప్పదు. దాన్ని చూసి లారీలు కదిలిస్తే పోర్టు బయట లారీలు ఆగినందుకు కట్టే హాల్టింగ్ చార్జీ మన నెత్తిన పడుతుంది.

ఓడ ఉన్న చోటు, వేగం నేను నమ్ముతా. ఓడలోని ఏఐఎస్ పరికరం (ఓడ గుర్తింపు, వివరాలు రేడియోలో పంపేది) జీపీఎస్ నుంచి తీసుకొని వాటిని దానంతటదే పంపుతుంది. నడిచే పెద్ద ఓడైతే 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరేసి ఉంటే 3 నిమిషాలకోసారి. కానీ ఒడ్డున ఉన్న రిసీవర్‌కు మామూలుగా 40 నాటికల్ మైళ్ల లోపలే అందుతుంది. ఆపైన ఉపగ్రహం కావాలి, నా ఉచిత ఖాతాలో అది లేదు. అందుకే మ్యాప్ మీది బాణం కన్నా ముందు చివరి సిగ్నల్ ఎప్పుడొచ్చిందో చూస్తా.

గమ్యం, ఈటీఏ (చేరే అంచనా సమయం), డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగి ఉందో), ఓడ స్థితి మాత్రం ఓడలోని అధికారి చేత్తో ఎక్కించేవి. కాకినాడ యాంకరేజ్‌లో (ఓడలు తీరానికి దూరంగా లంగరేసే చోటు) మా బియ్యం ఎక్కుతున్న ఒక ఓడ సంగతి చెప్తా. వేగం 0.1 నాట్లు, అంటే దాదాపు కదలట్లేదు; పక్కనే స్థితి మాత్రం ‘అండర్ వే’, అంటే ప్రయాణంలో ఉందని. గమ్యం దగ్గర అంతకుముందు వెళ్లిన రేవు పేరే. బార్జిల మీద సంచులు వెళ్తూనే ఉన్నాయి, డ్రాఫ్ట్ మాత్రం ఖాళీ ఓడదే. బయల్దేరే రోజున గానీ ఆ అంకె మారలేదు. లోడింగ్ ఎంత అయిందో ఏజెంటుకు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే.

చోటు కూడా ఎప్పుడూ నిజం కాదు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో రష్యా రేవు నొవొరొసీస్క్ దగ్గరి ఓడలు గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు కనిపించాయి, దొంగ జీపీఎస్ సిగ్నల్ వల్ల. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక కొన్ని ఓడలు ఏఐఎస్ ఆపేశాయి, కొన్ని గమ్యం ఉండాల్సిన చోట సాయుధ కాపలా ఉందని రాసుకున్నాయి. ఏఐఎస్ సందేశంలో కచ్చితత్వానికి ఒక గుర్తు ఉంటుంది: 10 మీటర్ల లోపైతే 1, లేకుంటే 0. దాన్ని పెట్టేదీ ఓడలోని పరికరమే. జీపీఎస్‌నే ఎవరో మోసం చేస్తుంటే ఆ 1కి విలువ లేదు.

కొత్తగా వాడేవాళ్లు ఓడను పేరుతో వెతకొద్దు, ఒకే పేరుతో చాలా ఉంటాయి. ప్రతి ఓడకూ విడిగా ఉండే 7 అంకెల ఐఎంఓ గుర్తింపు నంబరుతో వెతకండి, ఓడ పేరు మారినా అది మారదు.

నా రేటింగ్ 5కి 3. గమ్యం, డ్రాఫ్ట్ పక్కన అవి చివరిసారి ఎప్పుడు మారాయో చూపిస్తే 4 ఇస్తా. పాత సందేశాలు వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి.