16 అడుగుల చెక్క డ్రిఫ్ట్ బోట్ కిట్: పెట్టెలో వచ్చేదేమిటి, విడిగా కొనాల్సిందేమిటి

ముందే చెప్పేస్తే, ఈ కిట్ కొనదగ్గదే. ముక్కల కోత చాలా శుభ్రంగా ఉంది. కానీ దాంతో వచ్చే ఎపాక్సీ, అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, చాలదు, పై అంచు బద్దల చెక్క నాసిరకం. అన్నిటికన్నా కష్టమైన చోటును మాన్యువల్ రెండు వాక్యాల్లో దాటేస్తుంది. ఆ చోటు చైన్, అంటే అడుగు చెక్కా పక్క చెక్కా కలిసే మూల. పడవ ఎన్నేళ్లు బతుకుతుందో అక్కడే తేలిపోతుంది.

నది వాలున తెడ్లతో నడిపే ఈ డ్రిఫ్ట్ బోట్ ఆకారం అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పారే మెకంజీ నది పుణ్యం. రాళ్ల మధ్య వడిగా పారే లోతు తక్కువ నీళ్లలో ట్రౌట్, స్టీల్‌హెడ్ చేపల వేటకు తగ్గట్టు అడుగు చదునుగా, పక్కలు బయటికి వాలి, రెండు కొసలూ పైకి లేచి అరటిదొప్పలా ఉంటుంది. తెడ్లు వేసే మనిషి నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి కూర్చుని, వాటిని తనవైపు లాగుతూ పడవ వేగం తగ్గిస్తాడు. 1930ల చివర్లో పడవల పనిలో ప్లైవుడ్ వాడకంలోకి వచ్చాక, 1940ల్లో వుడీ హిండ్‌మన్ లాంటి పనివాళ్ల చేతుల్లో ఇప్పటి రూపం స్థిరపడింది. అప్పట్లో ముందు ఫ్రేములు నిలబెట్టి వాటికి పలకలు బిగించేవారు. ఈ కిట్‌లో ముందుగా కోసిన పలకలను తీగతో కుట్టి ఎపాక్సీతో అతికించడమే పని.

పక్కలకు 6 మిల్లీమీటర్ల ఒకూమే (తేలికపాటి ఆఫ్రికా చెక్క) ప్లైవుడ్, అడుక్కి 12 మిల్లీమీటర్లది ఇచ్చారు, రెండూ పడవల ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 రకమే. ప్లైవుడ్ పలక 8 అడుగులే కాబట్టి పక్క చెక్క ఒక్కోటి రెండు ముక్కలుగా వస్తుంది. వాటి కొసలను ఒకదాన్లో ఒకటి ఇమిడే పళ్లలా కోశారు. కొలత తప్పే భయం లేకపోవడం దీని సుగుణం. అయితే ఈ అతుక్కి సొంత బలం లేదు, రెండు వైపులా వేసే ఫైబర్‌గ్లాస్ (గాజు పోగుల) గుడ్డే దాని బలం. ఒకవైపే వేసి వంచితే అతుకు దగ్గర మోకాలులా విరుపు కనిపిస్తుంది. చేతిలో పనితనం ఉన్నవాళ్లు పళ్ల కొసలు తీసేసి 8కి 1 వాలుతో ఏటవాలు అతుకు వేసుకోవాలని చూస్తారు. 6 మిల్లీమీటర్ల చెక్కకు అది 48 మిల్లీమీటర్ల వాలు. వంపు నునుపుగా వస్తుంది గానీ ఆ మేరకు పలక పొడవు తగ్గుతుంది, కిట్ కొలతలన్నీ చెడతాయి. ఇక్కడ కిట్ చెప్పినట్టు చేయడమే మేలు.

కుట్టడానికి 18 గేజి రాగి తీగ, 6 అంగుళాలకొక రంధ్రం. ముక్కు దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడ 3 అంగుళాలకొకటి వేసుకోండి. తీగను సందు మూసుకునేంత వరకే మెలిపెట్టాలి, ఇంకో చుట్టు తిప్పితే పలచటి చెక్క అంచు చీరుకుంటుంది. కుట్టు పూర్తయ్యాక ఎపాక్సీ డబ్బా తెరవకముందే పడవలో మెలిక ఉందేమో చూడాలి. ఈ మాట మాన్యువల్‌లో అసలు లేదు. ముక్కు మధ్య గుర్తు నుంచి వెనక పలక రెండు మూలలకూ టేపు పట్టండి, తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. తర్వాత రెండు తిన్నని బద్దలను ముందొకటి, వెనకొకటి పక్కల మీద అడ్డంగా పెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని కంటితో చూడండి. రెండూ సమాంతరంగా కనిపించకపోతే పడవ మెలితిరిగినట్టే. ఈ దశలో ఒక మూల కింద చిన్న చెక్క చీలిక దూర్చితే సరైపోతుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక దాన్ని సరిచేసే దారి లేదు. అలాంటి పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, తెడ్లు వేసేవాడి ఒక భుజం రోజంతా దానికే పనిచేస్తుంది.

లోపలి మూలల్లో లప్పం పెట్టే ముందు చెక్కకు ఉత్త ఎపాక్సీ ఒక పూత రాయాలి. ఎండు చెక్క మీద నేరుగా లప్పం పెడితే అందులోని రెసిన్‌ను చెక్క పీల్చేస్తుంది, అతుకు పైకి బాగానే కనిపించి లోపల ఆకలితో ఉంటుంది. లప్పం కోసం ఎపాక్సీలో చెక్క పొడి కలిపి, గరిటె మీంచి జారనంత చిక్కగా చేసి, 20 మిల్లీమీటర్ల గుండ్రంతో మూల నింపండి. అది ఇంకా వేలి గోరు దిగేంత మెత్తగా ఉండగానే పైన గ్లాస్ టేపు (ఫైబర్‌గ్లాస్ పట్టీ) పరిస్తే రెండూ ఏకమవుతాయి, మధ్యలో గీకే పనీ తప్పుతుంది. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం వదులుకోవాలి. పాళ్లు తప్పితే అది ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. కలిపింది లోతైన కప్పులో వదిలేస్తే వేడెక్కి పొగలొస్తుంది, వెంటనే వెడల్పు పళ్లెంలో పోసుకోవాలి. ఆరాక పైన జిడ్డుగా తేలే పొరను నీళ్లతో, పీచుతో కడిగాకే సాండ్‌పేపర్ పట్టండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి పెయింట్ పట్టుకోదు.

ఇక చైన్. పడవ బోర్లించాక అడుగు చెక్క కోసిన అంచు బయటికి కనిపిస్తుంది. ప్లైవుడ్ పొరలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మాన్యువల్ ‘అంచును కొద్దిగా గుండ్రం చేయండి’ అని ఊరుకుంది. ఆ కొద్దిగా చాలదు. గ్లాస్ గుడ్డ పదునైన మూల మీద ఒదగదు, వంగిన చోట లేచి సన్నని గాలి గీత మిగులుతుంది. తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరాక మూల వెంట తెల్లటి చారలా బయటపడుతుంది. పడవ రాయిని రాసుకున్నప్పుడు మొదట అరిగేది ఆ చారే. అక్కడ గుడ్డ చిరిగితే నీరు పొరల మధ్యకు ఎక్కి, చెక్క ఉబ్బి, ఎపాక్సీ పూతను లోపలి నుంచే తోసేస్తుంది. అందుకే చిత్రిక పట్టి కనీసం 8 మిల్లీమీటర్ల గుండ్రం తేవాలి. కోసిన అంచు తాగడం ఆపేదాకా ఉత్త ఎపాక్సీ రాస్తూనే ఉండాలి, మూడు పూతలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆపైన మూల మీద రెండు వరసల గ్లాస్, దాన్ని కప్పుతూ అడుగంతా ఇంకో గుడ్డ. చివరి పూతల్లో గ్రాఫైట్ పొడి కలిపితే పడవ రాళ్ల మీద జారుతుంది. కాకపోతే ఆ నలుపు కింద లోపాలు కనబడవు, కాబట్టి గాలి బుడగలన్నీ సరిచూసుకున్నాకే గ్రాఫైట్ జోలికి వెళ్లాలి. ఈ పనంతటికీ పెట్టెలో వచ్చిన ఎపాక్సీ సరిపోదు, ఇంకో సగం విడిగా తెప్పించుకోండి.

గన్నెల్ అనే పై అంచు బద్దలకు ఇచ్చినది రెడ్ ఓక్. దాని రంధ్రాలు తెరుచుకుని ఉండి నీళ్లను గొట్టంలా పీలుస్తాయి, పుచ్చడం తప్పదు. వాటిని పక్కనపెట్టి డగ్లస్ ఫర్ గానీ వైట్ ఓక్ గానీ కొనండి. వైట్ ఓక్ చెమ్మకు బాగా నిలుస్తుంది, కానీ ఎపాక్సీని ఒక్కదాన్నే నమ్మి అతికించే చెక్క కాదు, సిలికాన్ బ్రాంజ్ స్క్రూలు కూడా పడాలి.

తెడ్ల కొక్కేలకు మామూలు చెక్క స్క్రూలు ఇవ్వడం పెద్ద తప్పు. పడవ బరువంతా తెడ్ల మీద పడే చోటది, బోల్టు లోపలి దాకా పోయి వెడల్పు వాషర్‌తో బిగియాలి. రంధ్రం కాస్త పెద్దది వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో మళ్లీ వేస్తే చెక్కకు నీరు తగలదు. తెడ్లు కిట్‌లో రావు, ఈ వెడల్పుకు 9 నుంచి 9.5 అడుగులవి సరిపోతాయి. లంగరు కప్పీ బిగించే వెనక పలకకు లోపలి నుంచి ఇంకో ప్లైవుడ్ ముక్క అతికించండి. 30 పౌండ్ల లంగరు రాయిలో చిక్కుకుంటే కప్పీని బిగించిన నాలుగు బోల్టులే పడవను పట్టి ఉంచాలి. అలాంటప్పుడు తాడు కోయడానికి కూర్చున్నవాడి చేతికి అందేలా ఒక కత్తి ఉండి తీరాలి. వడి ఎక్కువున్న చోట అసలు లంగరు వేయకూడదు, వెనక అంచు మునిగి నీళ్లు లోపలికి వస్తాయి.

ఆరెగాన్ నదుల్లో దించేటప్పుడు ఈ పొడవు పడవకు వాటర్‌వే యాక్సెస్ పర్మిట్ కావాలి, ఎక్కిన ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి.

పలకలు మాత్రమే అమ్మే చిన్న ప్యాకేజీ కూడా ఉంది. చెక్క పని తెలిసినవాళ్లకు అదే లాభం, మిగతావన్నీ ఎలాగూ మార్చుకోవాల్సినవే. తొలిసారి కట్టేవాళ్లు పూర్తి కిట్టే తీసుకోండి, ఆర్డర్‌తోపాటే అదనపు ఎపాక్సీ, బోల్టులు, మంచి గన్నెల్ చెక్క రాయించుకోండి. సగం పనిలో రెసిన్ అయిపోయి రెండు వారాలు ఎదురుచూస్తే, మెత్తగా ఉన్నప్పుడు పడాల్సిన గుడ్డ గట్టిపడ్డ లప్పం మీద పడుతుంది.