కోఫాక్స్ దారా, నోలన్ రయన్ దారా?

మావాడు బేస్‌బాల్‌లో పిచింగ్, అంటే బ్యాటర్‌కి బంతి విసరడం, మొదలుపెట్టిన దగ్గర్నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. శనివారం పొద్దున టెక్సస్‌లో మా పియర్‌ల్యాండ్ గ్రౌండ్ పక్కన మడత కుర్చీలేసుకుని కూర్చుంటే, ఎవరో ఒక తెలుగు నాన్న ఫ్లాస్కులోంచి టీ వంచుతూ కదుపుతాడు. "అన్నా, ఇంతకీ శాండీ కోఫాక్స్ గొప్పా, నోలన్ రయన్ గొప్పా?" మొన్న దసరాకి మా తోడల్లుడూ ఇదే అడిగాడు. ఇన్నాళ్ళూ ఎదుటివాడి మొహం చూసి జవాబు చెప్తూ వచ్చాను. ఇద్దరూ పేరుమోసిన పిచర్లే: టెక్సస్ వాళ్ళకి రయన్, కోఫాక్స్ ఆడిన డాడ్జర్స్ జట్టు అభిమానులకి కోఫాక్స్.

ఇప్పుడు కాస్త నిజాయితీగా చెప్తాను. కానీ ప్రశ్నని కొంచెం తిప్పుకుంటాను. ఎవరు గొప్ప అన్నది నాకొద్దు, దానికి అంతుండదు. ఈ రెండు కెరీర్లలో ఒకటి నీ పిల్లాడికి ఇస్తానని దేవుడు దిగొచ్చి అడిగితే, ఏది తీసుకుంటావు? నా తూకం అది.

అంకెలు అందరికీ తెలిసినవే, గబగబా అయిపోనిద్దాం. కోఫాక్స్ ఆడింది 12 సీజన్లు, 165 గెలుపులు, 87 ఓటములు. అందులో మొదటి ఆరేళ్ళూ లెక్కలోకి రానివే, 36 గెలిచి 40 ఓడాడు. ఆ తర్వాతి ఆరేళ్ళే కోఫాక్స్ అంటే. 1962 నుంచి 1966 దాకా వరసగా ఐదేళ్ళు లీగ్‌లో అందరికన్నా తక్కువ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే సగటు పరుగులు), నాలుగేళ్ళలో నాలుగు నో హిట్టర్లు (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు), నాలుగోది ఒక్క బ్యాటర్‌నీ బేస్ ఎక్కనివ్వని పర్ఫెక్ట్ గేమ్. ఏడాదిలో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు రెండు లీగ్‌లకీ కలిపి ఒకటే ఉన్న రోజుల్లో మూడుసార్లు పట్టుకుపోయాడు. 30 ఏళ్ళకి మానేశాడు. రయన్ 27 సీజన్లు ఆడాడు. 324 గెలుపులు, 292 ఓటములు, 5,714 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం), ఏడు నో హిట్టర్లు. సై యంగ్ మాత్రం ఒక్కటీ లేదు. 46 ఏళ్ళకి మౌండ్ (పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ) దిగాడు.

విచిత్రం ఏమిటంటే ఇద్దరికీ కుర్రతనంలో ఉన్న జబ్బు ఒకటే. బంతి పిడుగులా వెళ్తుంది, ఎటు వెళ్తుందో విసిరినవాడికే తెలీదు. కోఫాక్స్‌కి 1961 వసంతంలో క్యాచర్ నార్మ్ షెర్రీ ఒక మాట చెప్పాడు: అంత బలంగా విసరకు, కాస్త తగ్గించు. తగ్గించాడు, బంతి దారిలో పడింది. ఆ ఏడు 18 గెలుపులు, 269 స్ట్రైకౌట్లు. రయన్ ఆ జబ్బుని పూర్తిగా ఎప్పుడూ వదిలించుకోలేదు. ఆయన ఇచ్చిన 2,795 వాక్‌లు (నాలుగు గురితప్పిన బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇప్పటికీ రికార్డే. రెండో స్థానంలో ఉన్న స్టీవ్ కార్ల్‌టన్ కంటే 962 ఎక్కువ. రయన్ ఊరు ఆల్విన్ వాళ్ళ ముందు ఈ అంకె ఎత్తితే టీ దొరకదు, అది వేరే సంగతి.

ఇంకో పక్క న్యాయంగా ఇదీ చెప్పాలి. కోఫాక్స్ వెలిగిన కాలం పిచర్లకి పండగ. 1963లో స్ట్రైక్ జోన్ (బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే మేర) పెంచారు. మౌండ్ ఎత్తు 15 అంగుళాలుండేది, 1969లోగాని 10కి దించలేదు. డాడ్జర్ స్టేడియం కూడా బ్యాటర్లకి కలిసొచ్చే మైదానం కాదు. రయన్ తన కెరీర్‌లో చాలా భాగం దించిన మౌండ్ మీదే విసిరాడు. అయినా 1973లో 383 స్ట్రైకౌట్లు తీసి, కోఫాక్స్ 1965లో పెట్టిన 382 రికార్డుని ఒక్కదానితో దాటేశాడు.

ఇవన్నీ టీ దగ్గర వాదనకి బావుంటాయి. నా తూకంలో ముల్లుని కదిపే సంగతి వేరే ఉంది. ఆ చెయ్యి ఎవరిది?

కోఫాక్స్ చెయ్యి కోఫాక్స్‌ది కాదు. ఆ రోజుల్లో రిజర్వ్ క్లాజ్ ఉండేది. ఒకసారి సంతకం పెడితే క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడికి వేరే దారి లేదు. 1964 ఆగస్టులో రెండో బేస్‌కి వెనక్కి దూకినప్పుడు బంతి విసిరే ఎడమ మోచేతికి దెబ్బ తగిలింది, ఆ తర్వాత కీళ్ళవాతం అన్నారు. 1965 వసంతానికి చెయ్యి కమిలిపోయింది. వారానికొకసారి మాత్రమే విసిరితే సరిపోతుందేమో అని డాక్టర్ రాబర్ట్ కెర్లన్ దగ్గర మాట నడిచింది. ఆ ఏడు ఆయన విసిరింది 335 ఇన్నింగ్స్ పైమాటే! ఆ అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ ఏడో ఆట, రెండే రోజుల విశ్రాంతి, వంపు తిరిగే కర్వ్‌బాల్ మాట వినకపోతే దాదాపు ఫాస్ట్‌బాల్ ఒక్కదానితోనే, ఒక్క పరుగూ ఇవ్వకుండా షటౌట్ చేశాడు. కార్టిసోన్ సూదులు, నొప్పి మాత్రలు, చర్మం మండిపోయే క్యాప్సొలిన్ మందు, ఆట అవగానే ఐసు తొట్టిలో మోచెయ్యి. ఆ చెయ్యి పూర్తిగా చాపడానికి రాక కోటు ఎడమ చేతిని దర్జీ దగ్గర కురచ చేయించుకున్నాడంటారు.

1966లో ఆయనా, అదే జట్టు పిచర్ డాన్ డ్రైస్‌డేలూ కలిసి జీతాలు పెంచితే తప్ప రామని మొండికేశారు. చివరికి కోఫాక్స్‌కి 1,25,000 డాలర్లు, డ్రైస్‌డేల్‌కి 1,10,000 దక్కాయి. అప్పటికి అది పెద్ద మొత్తమే. ఆ ఏడు 27 గెలుపులు, 323 ఇన్నింగ్స్, 1.73 ఈఆర్ఏ. నవంబర్ 18న విలేకరులని పిలిచి అయిపోయిందన్నాడు. బేస్‌బాల్ తర్వాత కూడా బతకాల్సిన ఏళ్ళు చాలా ఉన్నాయి, ఆ ఏళ్ళలో ఒళ్ళంతా పనిచెయ్యాలని ఉంది అన్న అర్థం వచ్చే మాటలు చెప్పాడు. అంటే చూడండి, తన చెయ్యి తన చేతికి రావడానికి ఆయనకున్న ఒకే దారి ఆట మానెయ్యడం. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన మోచేతి ఆపరేషన్ అప్పుడు లేదు. ఇంకో క్లబ్బుకి వెళ్ళి, ఐదారు రోజులకోసారి మాత్రమే విసురుతానని బేరమాడే వీలూ లేదు.

రయన్ నాటికి కాలం మారింది. 1975 డిసెంబర్‌లో మెసర్‌స్మిత్ అనే పిచర్ కేసు తీర్పుతో రిజర్వ్ క్లాజ్ కూలింది. 1979 చివర్లో ఆయన ఏంజెల్స్ జట్టుని వదిలి, పెరిగిన ఊరు ఆల్విన్‌కి కూతవేటు దూరంలో ఉన్న హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్ జట్టుకి వచ్చాడు, ఏడాదికి పది లక్షల డాలర్లకి. అంత జీతం అందుకున్న మొదటి ఆటగాడు ఆయనే. 1988 సీజన్ అయ్యాక ఆస్ట్రోస్ యజమాని జీతం తగ్గిస్తామంటే, సరే అని సంచీ సర్దుకుని ఆర్లింగ్టన్‌లోని రేంజర్స్ జట్టుకి వెళ్ళిపోయాడు. అక్కడ 44 ఏళ్ళ వయసులో ఏడో నో హిట్టర్. ఏంజెల్స్ రోజుల నుంచే బరువులెత్తేవాడు. బరువులెత్తితే పిచర్ కండ బిగుసుకుపోతుందని అందరూ భయపెట్టే రోజులవి. ఆట అయ్యాక అందరూ బీర్లు తెరుస్తుంటే ఈయన వ్యాయామం సైకిలెక్కేవాడు. పియర్‌ల్యాండ్ మీనాక్షమ్మ గుడికి వెళ్ళే మనవాళ్ళు ఎక్కే 288 రోడ్డుకి ఈ కౌంటీలో ఆయన పేరే పెట్టారు. ఊరికే పెట్టలేదు.

ఇక్కడిదాకా చదివితే నేను రయన్ పక్షమే అనిపిస్తుంది. మొన్నటిదాకా అంతే.

పోయిన ఏడాది మావాడికి పన్నెండు. పిల్లల లిటిల్ లీగ్‌లో ఆ వయసుకి రోజుకి 85 పిచ్‌లే (విసిరే బంతులు), 66కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. బాగానే ఉంది. కానీ వాడు వారాంతాల్లో ఊళ్ళు తిరిగి ఆడే ఇంకో ట్రావెల్ టీమ్‌కీ ఆడేవాడు. ఒక చోట లెక్క ఇంకో చోట ఎవరికీ పట్టదు. ఒక శనివారం 70 దాకా విసిరాడు, మర్నాడు టోర్నమెంట్ అని కోచ్ మళ్ళీ మౌండెక్కించాడు. నేనూ చూస్తూ కూర్చున్నాను, చప్పట్లు కూడా కొట్టాను. ఆ రాత్రి వాడు కంచం ముందు కూర్చుని ఎడం చేత్తో స్పూన్ అడిగాడు. కుడి చెయ్యి అన్నం కలపడానికి కూడా లేవట్లేదు. డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఎదిగే ఎముక చివర వాచిందని, ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నారు. ఆ ఆరు వారాల్లోనే నా అభిప్రాయం మారింది.

1974 జూన్‌లో బాస్టన్ మీద రయన్ ఒకే రాత్రి 13 ఇన్నింగ్స్, 235 పిచ్‌లు విసిరాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి విసిరాడు. ఆ మోచేతి లిగమెంటు 1993 సెప్టెంబర్ 22 దాకా, సియాటిల్‌లో తెగేదాకా నిలిచింది. అప్పటికి చివరి సీజన్‌లో ఆయన విసరాల్సినవి ఇంకా రెండు ఆటలే. సైకిలు, బరువులు, క్రమశిక్షణ, అన్నీ నిజమే. కానీ అదే సైకిలు తొక్కి, అవే బరువులెత్తి మూడో ఏటే చెయ్యి విరుచుకున్నవాళ్ళ పేర్లు ఏ రోడ్డుకీ పెట్టరు. రయన్ కెరీర్‌ని కోరుకోవచ్చు, ఎంచుకోవడం మన చేతిలో లేదు. పుట్టుకతో వచ్చిన లిగమెంటు ఎంచుకునేది కాదు. కోఫాక్స్ చేసిన పని మాత్రం ఎవరైనా చెయ్యగలిగిందే: 27 ఆటలు గెలిచిన ఏడాది, ఇంకా ఇవ్వడానికి క్లబ్బు డబ్బులు పట్టుకుని ఉండగా, బంతి కింద పెట్టడం. ఎవరైనా చెయ్యగలిగిందే అన్నాను గానీ, చేసినవాళ్ళు ఎంతమంది?

మధ్యలో ఇంకొన్ని దారులు ఉన్నాయని గుర్తుచేసేవాళ్ళు ఉంటారు. పిచర్ టామీ జాన్‌ది ఒకటి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కుడి చేతి స్నాయువు తీసి ఎడమ మోచేతికి కుట్టారు. అప్పటికి 124 గెలుపులున్న మనిషి, తర్వాత 164 గెలిచాడు. మంచి దారే, కానీ ముందు చెయ్యి తెగాలి. ఇప్పుడు కొందరు తల్లిదండ్రులు ఆ ఆపరేషన్‌ని పళ్ళకి తీగ కట్టించుకున్నంత తేలిగ్గా మాట్లాడుతున్నారు, వింటే ఒళ్ళు మండుతుంది. మరియానో రివేరాలా ఆఖరి ఇన్నింగ్స్ ఒక్కటే విసరడం హాయి. 652 సేవ్‌లు (గెలుస్తున్న ఆటని చివర్లో కాపాడటం), ఆటలో దిగ్గజాలని ఎన్నుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌కి నూటికి నూరు ఓట్లు. అయితే పన్నెండేళ్ళ పిల్లాడిని అలా ఆఖర్లో వచ్చే క్లోజర్‌గా పెంచేవాడెవడు? ఫిల్ నీక్రోలా నెమ్మదిగా ఊగుతూ వెళ్ళే నకిల్‌బాల్ నేర్చుకుంటే 48 ఏళ్ళ దాకా ఆడొచ్చు, నేర్పేవాళ్ళు దొరికితే.

కాబట్టి దేవుడు నిజంగా దిగొస్తే నేను కోఫాక్స్ కెరీరే పుచ్చుకుంటాను. మొదటి ఆరేళ్ళ ఓటములతో సహా. ఇప్పటి మిలియన్ల జీతాల కాలంలో పుట్టి ఉంటే ఎంత సంపాదించేవాడో అని మా తోడల్లుడు లెక్కలేస్తూనే ఉన్నాడు, వెయ్యనివ్వండి. ఆయన 36 ఏళ్ళకే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు, ఆయనకన్నా చిన్న వయసులో ఎన్నికైనవాళ్ళు లేరు. నాకు అక్కడి ఫలకం కన్నా ఆట మానేశానని చెప్పిన ఆ నవంబర్ రోజే ఎక్కువ నచ్చుతుంది.

మావాడు మాత్రం ఇప్పటికీ రయన్ నంబరు 34 వేసుకునే ఆడతాడు. పియర్‌ల్యాండ్‌లో పెరిగే పిల్లాడికి అంతకన్నా వేరే నంబరు తోచదేమో. పోయిన శనివారం నాలుగో ఇన్నింగ్స్‌లో, ఒక అవుట్ ఉండగా, వాడే కోచ్‌ని మౌండ్ మీదికి పిలిచి బంతి చేతిలో పెట్టాడు. అరవై అయ్యాయి, మోచెయ్యి కొంచెం లాగుతోంది అన్నాడట. తర్వాత వచ్చిన కుర్రాడు ఐదు పరుగులు ఇచ్చాడు, ఓడిపోయాం. కారులో ఎవరం మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక ముద్దపప్పు, ఆవకాయ వేసుకుని, కుడి చేత్తోనే కలుపుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.