లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ స్పానిష్ కోర్సు: స్పానిష్ రాని తల్లిదండ్రులకీ పనికొస్తుంది

పిల్లలు హైస్కూల్లో స్పానిష్ తీసుకున్నారంటే ఇంట్లో మన చేతులు కట్టేసినట్టే. లెక్కలో సైన్సో అయితే కిందామీదా పడి ఏదో ఒకటి చెప్తాం, ఇందులో మనకు అక్షరం ముక్క రాదు. ఇలాంటి ఇళ్లకి నేను చెప్పేది ఒకటే, ట్యూషన్ సంగతి ఆలోచించే ముందు లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వాళ్ల 'కంప్లీట్ స్పానిష్' వినండి. వినమంటున్నది మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్కళ్లనే కాదు, మీరు కూడా.

మొత్తం 90 ఆడియో పాఠాలు, చాలావరకు చిన్నవే. పూర్తిగా ఉచితం, విరాళాల మీద నడుస్తుంది, యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. మిహాలిస్ ఎలెఫ్థెరియు అనే ఆయన ఒక స్టూడెంట్‌కి ఇంగ్లీషులో పాఠం చెప్తుంటే మనం పక్కన కూర్చుని విన్నట్టుంటుంది. ఆయన ప్రశ్న వేయగానే పాజ్ నొక్కి మన జవాబు పైకి చెప్పాలి, తర్వాత ఆ స్టూడెంట్ ఏం చెప్పారో వినాలి. బట్టీ పట్టొద్దు, నోట్సు రాయొద్దు అని మొదట్లోనే చెప్పేస్తాడు.

ఇంగ్లీషులో 'ప్రిపరేషన్' తెలుసు కదా, స్పానిష్‌లో అది 'ప్రెపరాసియోన్', అందులోంచే 'ప్రెపరార్' అనే క్రియ లాగొచ్చు. ఇదే పద్ధతిలో వందల మాటలు మనమే తయారు చేసుకుంటాం. పదాల జాబితాలు అప్పజెప్పి అప్పజెప్పి విసిగిపోయిన పిల్లలకి ఇది భలే ఊరట. క్రియాపదాల రూపాలు కూడా పట్టికలా ముందు పడేయకుండా ఎందుకలా మారతాయో నడిపించి చూపిస్తాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ పాజ్ బటన్. అది మీ చేతిలో పెట్టుకోండి. ప్రశ్న రాగానే ఆపి, ముందు మీరే తప్పో ఒప్పో ఒక జవాబు చెప్పేయండి. మా ఇంట్లో నేను చెప్పిన వాక్యం విని 'అలా కాదమ్మా, క్రియ చివర మారాలి' అని మా వాడు దిద్దడం మొదలుపెట్టాక వాడి మొహంలో ఆ హోంవర్క్ టెన్షనే పోయింది. టీనేజ్ పిల్లలకి మనం పరీక్ష పెడితే ముడుచుకుపోతారు, మనకి నేర్పే అవకాశం ఇస్తే రెచ్చిపోతారు (ఒక్కోసారి మరీ ఎక్కువగా). వాళ్లు తప్పు చెప్తే మాత్రం మీరు దిద్దకండి, ఎలాగూ రికార్డింగ్‌లో సరైన జవాబు వస్తుంది.

ఇక లోపాలు. ఇదంతా చెవి చదువు, రాత లేదు. స్కూల్లో మార్కులు పోయేది అక్కడే. స్పానిష్‌లో హెచ్ అక్షరం పలకదు, బి, వి రెండూ ఒకేలా వినిపిస్తాయి. 'ఆబ్లో' (రాసేటప్పుడు hablo) అంటే 'నేను మాట్లాడతాను', అదే చివర ఊనిక పెట్టి పలికితే 'అతను మాట్లాడాడు', రాతలో ఈ తేడా చూపేది చివరి ఓ మీద చిన్న గీత. విని నేర్చుకున్న పిల్లలు ముందున్న హెచ్‌నీ, ఆ గీతనీ రెండింటినీ ఎగరగొట్టే అవకాశం బాగా ఉంది. అందుకని పాఠం అయ్యాక ఒక మూడు నాలుగు వాక్యాలు కాగితం మీద రాయించి, వాళ్ల పాఠ్యపుస్తకంతోనో, క్రియారూపాలన్నీ చూపించే స్పానిష్‌డిక్ట్ సైట్‌తోనో సరిచూసుకోమనండి. గీత ఉందా లేదా చూడటానికి మీకు కూడా స్పానిష్ రానక్కర్లేదు.

రెండోది, ఇది స్కూల్ సిలబస్ వరసలో వెళ్లదు. క్లాసులో బట్టలు, వాతావరణం, కుటుంబ సభ్యులు అంటూ అంశాల వారీగా పదాలు ఇస్తారు, అవి ఇక్కడ దొరకవు. వాటికి అట్టముక్కల మీద రాసుకున్న ఫ్లాష్‌కార్డులే దిక్కు, రోజూ కాసేపు చాలు. పాఠాలు ఇంగ్లీషులో కాబట్టి ఆ భాష ఓ మోస్తరుగా వచ్చి ఉండాలి కూడా.

వచ్చే వారం పరీక్ష ఉందంటే దీని జోలికి పోకండి, పుస్తకమే తిరగేయించండి. సెలవులు మొదలవుతున్నప్పుడైతే మొదటి పాఠం నుంచే పెట్టండి, పిల్లలు ఇప్పటికే ఒక ఏడాది చదివేసినా సరే, వాళ్లకి తెలిసిన చోట మీ కంటే ముందుంటారు కాబట్టి విసుక్కోరు.