మంజూరు ఒక ఎత్తు, విడుదల మరో ఎత్తు: కేంద్ర పరిశోధన గ్రాంట్లపై ఒక వినియోగదారుడి సమీక్ష

ఫలానా ఆచార్యుడికి ఇన్ని లక్షల ప్రాజెక్టు మంజూరైందని జిల్లా పేజీల్లో ఫొటోతో సహా వార్త వస్తుంది. ఆ లక్షలు ఎప్పుడు చేతికందాయో, అందేలోపు ప్రయోగశాల ఎలా నడిచిందో మాత్రం ఎవరూ రాయరు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జీవరసాయన ప్రయోగశాల నడుపుతూ, చాలాకాలంగా ఈ గ్రాంట్ల మీదే ఆధారపడిన వాడిగా, వాటిని గౌరవంగానో బిరుదుగానో కాక ప్రభుత్వం అందించే ఒక సేవగా చూసి, దరఖాస్తు నుంచి లెక్కలు ముగిసే దాకా అది ఎలా పనిచేస్తుందో ఇక్కడ సమీక్షిస్తున్నాను.

ముందుగా, ఈ సేవను అందించేది ఎవరో చెప్పాలి. 2008 నాటి చట్టంతో ఏర్పడిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు, అంటే మనమందరం సెర్బ్ అని పిలుచుకున్న సంస్థ, ఇప్పుడు లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టం 2024 ఫిబ్రవరి 5న అమల్లోకి రావడంతో దాని స్థానంలోకి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. ప్రధానమంత్రి స్వయంగా పాలకమండలికి అధ్యక్షుడు. 2023 నుంచి 2028 వరకు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు అన్నది ప్రకటించిన లక్ష్యం. అయితే అందులో ప్రభుత్వ ఖజానా నుంచి రావలసినది 14,000 కోట్లు మాత్రమే. మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, ప్రభుత్వ రంగ సంస్థలు, దాతల నుంచి రావాలి. మన దేశంలో పరిశోధనపై జరిగే మొత్తం ఖర్చు 2020-21 లెక్కల ప్రకారం స్థూల దేశీయోత్పత్తిలో (జీడీపీలో) 0.64 శాతమే, అందులో ప్రైవేటు రంగం వాటా 36 శాతం చిల్లరే అయినప్పుడు, ఆ పరిశ్రమలూ మిగతావారూ కలిసి ఈ ఫౌండేషన్‌కు నాలుగింట దాదాపు మూడొంతుల నిధి కడతారని ఆశించడం ఆశగానే మిగులుతుందేమోనన్న అనుమానం నాకు ఉంది.

దరఖాస్తు దశ ఈ సేవలో అన్నిటికన్నా మెరుగైన భాగం, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఒకప్పుడు పది ప్రతులు ఫొటోస్టాట్ తీయించి, బైండింగ్ చేయించి, స్పీడ్‌పోస్టులో ఢిల్లీకి పంపేవాళ్లం. ఇప్పుడు అంతా ఆన్‌లైన్‌లో జరుగుతుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో తెరిచి చూసుకోవచ్చు, నిపుణుల అభిప్రాయాలు కూడా చాలా సందర్భాల్లో మనకు అందుతాయి. కెరీర్ తొలినాళ్లలో ఉన్నవారి కోసం ప్రధానమంత్రి పేరిట ప్రారంభించిన గ్రాంటు మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తుండటం, అంతకుముందు అదే వయసు వారికి సెర్బ్ ఇచ్చిన స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకు 30 లక్షలే అయి ఉండటం పోల్చి చూస్తే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. గణితశాస్త్రం వారికి ఏడాదికి రెండు లక్షల చొప్పున ఇచ్చిన మేట్రిక్స్ పథకం నాకు ఇంకా నచ్చింది: మొత్తం చిన్నదే, కాగితం పని అంతకన్నా చిన్నది. నిపుణుల సమీక్షలో మాత్రం ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. ఒకరు రెండు పేజీల లోతైన విమర్శ రాస్తారు, మరొకరు 'ప్రతిపాదన బాగుంది, కొత్తదనం తక్కువ' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. రెండింటికీ ఒకే విలువ ఉన్నట్టు కనబడటం దరఖాస్తుదారుకు రుచించదు.

అసలు కథ మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చాక మొదలవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, ప్రాజెక్టు నడిపిన ప్రతి ఒక్కరూ దాన్ని రెండో ఏడాదిలో తలుచుకుంటారు. మొదటి విడత సాధారణంగా సాఫీగానే వస్తుంది. రెండో విడత రావాలంటే మార్చి 31 దాకా అయిన ఖర్చుకు జీఎఫ్ఆర్ (కేంద్రం సాధారణ ఆర్థిక నియమాలు) 12-ఏ నమూనాలో యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, దానితోపాటు ఖర్చుల వివరణ పత్రం పంపాలి. దాని మీద ప్రాజెక్టు నడిపే ఆచార్యుడు, ఫైనాన్స్ ఆఫీసర్, సంస్థ అధిపతి ముగ్గురూ సంతకం చేయాలి. మా ఫైనాన్స్ విభాగంలో యూసీల ఫైలు ఆడిట్ కాలంలోనే కదులుతుంది. ఆ సంతకాలు పూర్తయి ఢిల్లీకి చేరేసరికి వేసవి గడిచిపోతుంది. అక్కడి నుంచి ఒక చిన్న అభ్యంతరం వస్తుంది: వడ్డీ లెక్క వేరుగా చూపలేదనో, కన్స్యూమబుల్స్ (రసాయనాల వంటి వాడి పారేసే సామగ్రి) పద్దులో మిగిలినదీ కాంటింజెన్సీ (చిల్లర ఖర్చులు)లో మించినదీ సరిచూడాలనో. సరిచేసిన ప్రతి మళ్లీ అవే మూడు సంతకాలకు బయలుదేరుతుంది.

ఈ ఆలస్యం ఎక్కడ తగులుతుందో దగ్గర నుంచి చూడాలి. మంజూరు మొత్తంలో పరికరం డబ్బు ఆలస్యమైతే పరికరం ఆలస్యంగా వస్తుంది, అంతే. జీతాల పద్దు ఆలస్యమైతే మాత్రం మనిషి ఆగిపోతాడు. ఒక కేంద్ర నిధుల సంస్థ నుంచి రెండో ఏడాది డబ్బు రావడం నెలల తరబడి ఆగినప్పుడు, మా ప్రయోగశాలలో జేఆర్ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, పనిచేసే అమ్మాయి హాస్టల్ మెస్ బకాయి పడింది. ఆమె అప్పుడు చేస్తున్నది కణాలను పెంచే పని. రెండు రోజులకోసారి మీడియం మార్చకపోతే కణాలు చచ్చిపోతాయి, కాబట్టి జీతం లేని నెలల్లోనూ ఆదివారాలు కూడా వచ్చి మార్చింది. 'సార్, ఈ నెలన్నా వస్తుందా?' అని అడగడానికి కూడా మొహమాటపడి, విభాగం గుమాస్తాను అడిగి వెళ్లిపోయేది. 2023 జనవరి నుంచి వర్తించేలా జేఆర్ఎఫ్ భత్యాన్ని 31,000 నుంచి 37,000కు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) భత్యాన్ని 35,000 నుంచి 42,000కు పెంచారు. దానికోసం దేశమంతటా పరిశోధక విద్యార్థులు ఎన్ని ధర్నాలు చేశారో గుర్తున్నవారికి ఆ పెంపు విలువ తెలుసు. కానీ ఆరు నెలలకోసారి ఒక్కుమ్మడిగా వచ్చే 37,000 కన్నా నెలనెలా తప్పకుండా వచ్చే 31,000 నయమని ఆ విద్యార్థులనే అడిగితే చెబుతారు.

ప్రభుత్వం దీనికి కారణం చెప్పగలదు. సంస్థల బ్యాంకు ఖాతాల్లో నిధులు వాడకుండా మూలుగుతూ వడ్డీ కూడబెట్టుకునే అలవాటును తప్పించడానికే శూన్య నిల్వ ఖాతాలు (డబ్బు ముందుగా జమ కాకుండా, పరిమితి మేరకు ఖర్చుపెట్టినప్పుడే వచ్చేవి), పీఎఫ్ఎంఎస్ అనే కేంద్ర చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థతో అనుసంధానం వచ్చాయి. ఖజానా వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి లేదు. అయితే కేటాయించిన పరిమితి మార్చి 31 రాత్రితో రద్దయ్యే విధానం రోడ్డు కాంట్రాక్టుకు సరిపోతుందేమో గానీ, జర్మనీ నుంచి రావలసిన ఎంజైము ఫిబ్రవరిలో కస్టమ్స్ దగ్గర ఆగిపోయిన ప్రయోగశాలకు సరిపోదు. ప్రయోగానికి ఆర్థిక సంవత్సరం అంటూ ఏదీ ఉండదు.

కొనుగోళ్ల విషయంలో పరిస్థితి ఈమధ్య నిజంగా మెరుగుపడింది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్‌లో దొరికేవి అక్కడే కొనాలి, మిగతా వాటికి తక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు వెళుతుంది. ఎల్-1 (అతి తక్కువ ధర) అని పిలిచే ఈ పద్ధతి కుర్చీలకూ కాగితాలకూ బాగానే ఉంటుంది. కొద్ది చుక్కల ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్‌కు తొడిగే టిప్పుల సంగతి వేరు: తక్కువ ధరకు వచ్చిన పెట్టెలోని టిప్పు పిపెట్ మూతికి గట్టిగా పట్టుకోకపోతే సన్నగా గాలి చొరబడుతుంది, రెండు మైక్రోలీటర్లు తీశామనుకుంటే ఒకటిన్నరే వస్తుంది, వారం రోజుల పీసీఆర్ (డీఎన్ఏ ప్రతులను పెంచే పరీక్ష) ఫలితాలు చెత్తబుట్టలోకి వెళతాయి. ధరలను పోల్చే కాంపరేటివ్ స్టేట్‌మెంట్‌లో మాత్రం ఆ పెట్టె మీద కొన్ని వందల రూపాయలు ఆదా అయినట్టే నమోదవుతుంది. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ శాస్త్రీయ సంస్థలకు కోటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితిని పది లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. పరిశోధన పరికరాలను జెమ్ బయట కొనే వెసులుబాటునూ, 200 కోట్ల దాకా గ్లోబల్ టెండర్లను అనుమతించే అధికారాన్నీ సంస్థల అధిపతులకే అప్పగించింది. ఎప్పుడో రావలసిన సంస్కరణ ఇది. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కొనుగోలు విభాగాలు తమ పాత సర్క్యులర్లను పట్టుకుని వేలాడుతున్నంత కాలం దీని ఫలం మాదాకా పూర్తిగా రాదు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ చెబితే కోపం వస్తుంది. పరిశోధన సంస్థలు కొనే పరికరాలపై జీఎస్టీ 5 శాతంగా ఉన్న రాయితీని 2022 జూలై 18 నుంచి తొలగించారు. చాలా పరికరాలపై అది 18 శాతమైంది. పది లక్షల పరికరానికి పదిన్నర లక్షలు చాలే చోట 11 లక్షల 80 వేలు అవసరమయ్యాయి, మంజూరు మొత్తం మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు. ఇచ్చే చేత్తోనే తిరిగి పుచ్చుకోవడమంటే ఇదే. 2024 జూలై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాలపై దిగుమతి సుంకాన్ని పది శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెంచి, శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక కొద్ది రోజుల్లోనే ప్రయోగశాలల వాడకానికి మళ్లీ పది శాతానికి దించారు. అదే ఏడాది పరిశోధన గ్రాంట్లకు కూడా జీఎస్టీ కట్టాలంటూ ఐఐటీ ఢిల్లీ వంటి సంస్థలకు నోటీసులు వెళ్లగా, సెప్టెంబరు 9న జీఎస్టీ మండలి ఆ గ్రాంట్లకు మినహాయింపు సిఫారసు చేసింది. తప్పును త్వరగా దిద్దుకోవడాన్ని మెచ్చుకోవాలి. ముందుగా ఒక్క ప్రయోగశాలను అడిగి ఉంటే దిద్దుకోవలసిన పనే ఉండేది కాదు.

ఈ సేవ ఎవరికి అందుతోందన్నది మరో పెద్ద ప్రశ్న. సెర్బ్ నిధుల్లో దాదాపు 65 శాతం ఐఐటీలకూ, 11 శాతం మాత్రమే రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ వెళ్లాయన్నది ఫౌండేషన్ ఏర్పాటు సమయంలో అధికారులే చెప్పిన మాట. ఈ అసమానతను తగ్గించడానికే పెద్ద సంస్థను కేంద్రంగా ఉంచి చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలను జతచేసే పెయిర్ పథకాన్ని తెచ్చారు. ఆలోచన మంచిదే. హైదరాబాదులో కేంద్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం వాటి పక్కనే ఉండి కూడా పరికరాల కోసం ఎదురుచూడటం మనం ఎరిగినదే. అయితే తప్పంతా ఢిల్లీ మీదకు నెట్టడం న్యాయం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి మించి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. చాలా పథకాలకు దరఖాస్తు చేయాలంటే శాశ్వత ఉద్యోగి అయి ఉండాలి. పదేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ మంచి పరిశోధన పత్రాలు ప్రచురించిన వారికి ఆ ద్వారం మూసే ఉంటుంది. దరఖాస్తు చేసే మనుషులే లేని చోట నిధుల వాటా ఎలా పెరుగుతుంది?

2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధి గురించి చాలామంది ఆశగా అడుగుతున్నారు. అది ప్రధానంగా ప్రైవేటు సంస్థలకు తక్కువ వడ్డీతో ఇచ్చే దీర్ఘకాలిక రుణం, ఇప్పటికే ఒక స్థాయికి చేరిన సాంకేతికతల కోసం ఉద్దేశించినది. విశ్వవిద్యాలయ ప్రయోగశాల దాని కోసం చూసుకోనవసరం లేదు.

మొత్తం మీద దరఖాస్తు దశకు ఐదులో నాలుగు, కొనుగోలు నియమాలకు ఇప్పుడు మూడు, నిధుల విడుదలకు ఒకటి ఇస్తాను. అయినా దరఖాస్తు చేయవద్దని ఎవరికీ చెప్పను, ఎందుకంటే మౌలిక పరిశోధనకు ఈ దేశంలో ఇంతకు మించిన పెద్ద దిక్కు లేదు. కొత్తగా చేరే అధ్యాపకులు పరికరాన్ని మొదటి విడత డబ్బుతోనే ఆర్డరు చేయాలి, జేఆర్ఎఫ్‌ను మొదటి నెలలోనే తీసుకుని ఏడాది జీతాన్ని లెక్కగట్టి పక్కన పెట్టుకోవాలి, యూసీ ముసాయిదాను ఆడిట్ కోసం ఆగకుండా ఏప్రిల్ మొదటి వారంలోనే ఫైనాన్స్ విభాగంలో ఇవ్వాలి. విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది: ప్రతి ప్రాజెక్టుతోపాటు సంస్థ నిర్వహణ ఖర్చుల కోసం వచ్చే ఓవర్‌హెడ్ మొత్తాన్ని గోడల రంగులకూ అతిథిగృహానికీ ఖర్చు పెట్టకుండా ఒక తిరుగుడు నిధిగా ఉంచి, విడత ఆలస్యమైనప్పుడు పరిశోధక విద్యార్థుల జీతాలను దాని నుంచి చెల్లించి, డబ్బు వచ్చాక జమ చేసుకోవచ్చు. ఇందుకు ఢిల్లీ అనుమతి అవసరం లేదు, రిజిస్ట్రార్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.